రెండు చక్రాలపై దూరయాత్ర: యంత్రమూ, తోటి మనిషీ

1830 మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరారు. ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం ఉన్నది. పల్లకీ మోసే బోయీలు, వంటవారు, బంట్రోతులు, డేరాలు, సామానులు, అన్నీ కలిసి ఒక చిన్న పల్లె కదిలిపోతున్నట్లుగా ఆ యాత్ర సాగింది. తిరిగి చెన్నపట్నం చేరేసరికి పదిహేను నెలలు దాటింది. ఏ మజిలీలో సత్రం ఉన్నది, ఎక్కడ మంచినీరు దొరుకుతుంది, ఏ ఊరిలో ఏ వస్తువులు అమ్ముతారు అనే వివరాలు ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రలో అడుగడుగునా కనిపిస్తాయి.

ఇది జరిగిన 73 సంవత్సరాలకు, 1903 మే 16వ తేదీన, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నుండి జార్జి వైమన్ అనే యువకుడు న్యూయార్కుకు బయలుదేరాడు. దూరం సుమారు 3,800 మైళ్ళు. అతని వెంట ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక చిన్న మోటారు సైకిలు, కొన్ని పనిముట్లు, నూనె డబ్బాలు, ఒక కెమెరా. వీరాస్వామయ్యకు కావలసినవారందరూ ఆయన వెంటనే ఉన్నారు. వైమన్‌కు కావలసినవారు దారిలో ఎదురు కావలసి ఉన్నది.

మనిషి ఒంటరిగా, తన ఇష్టం వచ్చిన దారిన, తన కండబలంతో నిమిత్తం లేకుండా ఎంతదూరమైనా పోగల శక్తిని మోటారు సైకిలు ఇచ్చింది. ఐతే ఆ యంత్రమే అతణ్ణి దారిలో కనిపించే ప్రతి మనిషికీ ఋణపడేటట్లు చేసింది. ఈ రెండవ సంగతి యంత్రాల చరిత్రలో అంతగా చెప్పబడదు. దూరయాత్రికుల మధ్య పెరిగిన పరస్పర సహాయం అనే ఆచారానికి మూలం ఆ యంత్ర నిర్మాణంలోనే ఉన్నది.

యంత్రం పుట్టుక

జర్మనీ దేశంలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ అనే ఇంజనీర్లు 1885లో ఒక కొయ్య చట్రానికి అర అశ్వశక్తిగల చిన్న పెట్రోలు యంత్రాన్ని అమర్చారు. మోటారు సైకిలు తయారుచేయడం వారి అసలు ఉద్దేశం కాదు. తాము నిర్మించిన తేలిక యంత్రం బండిని లాగగలదో లేదో పరీక్షించడానికి అది ఒక సాధనం మాత్రమే. పడిపోకుండా దానికి ఇరువైపులా రెండు చిన్న చక్రాలు కూడా పెట్టారు. ఆ సంవత్సరం నవంబరులో డైమ్లర్ కుమారుడు పాల్ దానిని కాన్‌స్టాట్ నుండి ఉంటర్‌టుర్క్‌హైమ్ వరకు నడిపాడు. మంటను రగిలించే వేడిగొట్టం ఆసనం క్రిందనే ఉండటంచేత దారిలో ఆసనం అంటుకున్నదని చెబుతారు. మోటారు సైకిలుపై తొలి ప్రయాణంలోనే తొలి ప్రమాదమూ జరిగిందన్నమాట.

1894లో మ్యూనిక్ నగరంలో హిల్డెబ్రాండ్, వుల్ఫ్‌ముల్లర్ సంస్థ ఇటువంటి బండ్లను వరుసగా తయారుచేసి అమ్మడం ప్రారంభించింది. అప్పటినుండి పది సంవత్సరాలలోపలనే ఐరోపాలోను, అమెరికాలోను అనేక సైకిలు కర్మాగారాలవారు తమ సైకిలు చట్రాలకు చిన్న చిన్న యంత్రాలను బిగించి అమ్మసాగారు. వైమన్ ఎక్కిన కాలిఫోర్నియా కంపెనీ బండి ఈ జాతికి చెందినదే.

సైకిలు స్వభావమే మోటారు సైకిలుకూ వచ్చింది. ఆగి ఉన్నప్పుడు అది పడిపోతుంది, కదులుతున్నప్పుడు నిలబడుతుంది. తిరిగే చక్రాలకు గల గైరోస్కోపు గుణమే ఇందుకు కారణమని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. ఐతే గైరోస్కోపు ప్రభావం గాని, ముందు చక్రం ఏటవాలు అమరిక వల్ల కలిగే ప్రభావం గాని లేకుండా నిర్మించిన ఒక ప్రయోగపు సైకిలు కూడా తనంతట తాను నిలకడగా పోగలదని 2011లో కొందరు శాస్త్రజ్ఞులు నిరూపించారు. బండి ఏ వైపుకు పడబోతే ఆ వైపుకే ముందు చక్రం తిరిగి, ఆధారాన్ని గురుత్వకేంద్రం క్రిందికి తెచ్చుకోవడం ముఖ్యం. అందుకు ఒక్క కారణం కాదు, అనేక కారణాలు తోడ్పడతాయి.

ఈ నిలకడ కదలికలోనే ఉన్నది కనుక, బండి ఆగిన క్షణంనుండి దాని బరువు మనిషిదే. ఇసుకలో చక్రం కూరుకుపోయినా, బురదలో జారిపడినా దానిని లేవనెత్తడానికి చాలాసార్లు రెండవ మనిషి కావాలి. ఎండ, వాన, దుమ్ము, చలి ఇవన్నీ నేరుగా సవారీ చేసేవాని మీదనే పడతాయి. నాలుగు చక్రాల బండిలోనివాడు తన గదిని తనతో తీసుకుపోతాడు. రెండు చక్రాల బండివాడు ఆరుబయటనే ఉంటాడు. ఎదుటివాడు అతని ముఖం చూడగలడు, పిలవగలడు, మాట్లాడగలడు.

వైమన్ యాత్ర

1903లో అమెరికా పశ్చిమ భాగంలో ఖండాన్ని దాటే మోటారు రోడ్డు లేదు. వానలు కురిస్తే ఉన్న బండిదారులు బురద మడుగులు. అందువల్ల వైమన్ తన ప్రయాణంలో సుమారు సగం దూరం రైలుకట్ట మీదనే సాగించాడు. పట్టాల మధ్య వేసిన కొయ్య దిమ్మెల మీద మోటారు సైకిలు నడిపితే ఎట్లా ఉంటుందో ఊహించవచ్చు. ప్రతి దిమ్మెకూ ఒక దెబ్బ. ఆ కుదుపు చక్రాలకు, చట్రానికి, మనిషి వెన్నెముకకు సమానంగా తగులుతుంది. సియెర్రా నెవాడా కొండలలో పట్టాల మీద మంచు పేరుకోకుండా రైల్వేవారు మైళ్ళ పొడుగున కొయ్యతో కప్పులు కట్టారు. పొగతో, చీకటితో నిండిన ఆ కొయ్య సొరంగాలగుండా అతడు బండిని తీసుకుపోయాడు.

బండి శక్తి ఒకటింబావు అశ్వశక్తి. యంత్రంనుండి వెనుక చక్రానికి శక్తిని అందించేది ఒక తోలు పట్టా. రాకీ పర్వత మార్గంలో రైలుదారి 8,000 అడుగుల ఎత్తుకు చేరుతుంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు నాలుగింట మూడు వంతులే. పెట్రోలు మండటానికి ఆక్సిజను కావాలి. గాలి పలచబడితే యంత్రశక్తీ అదే పాళ్ళలో తగ్గుతుంది. అంటే ఎత్తైన చోట వైమన్ బండికి ఒక్క అశ్వశక్తి కూడా మిగలలేదు. ఎక్కుడు వచ్చినప్పుడు పెడలు తొక్కడమో, దిగి నెట్టడమో తప్ప మార్గం లేదు.

ఇటువంటి యాత్రలో రాత్రి ఎక్కడ తలదాచుకోవాలి? రైలుకట్టను బాగుచేసే గ్యాంగు కూలీల నివాసాలు ఆ నిర్జన ప్రదేశంలో కొన్ని మైళ్ళకు ఒకటి చొప్పున ఉండేవి. వైమన్ అనేక రాత్రులు అక్కడ గడిపాడు. వారు తినే తిండే తిన్నాడు. పట్టణాలలో సైకిలు దుకాణాలు, కమ్మరి కొలుములు అతనికి మరమ్మతు శాలలైనాయి. ఇలినాయి రాష్ట్రంలోని ఆరోరా వద్ద యంత్రపు వంపు ఇరుసు విరిగింది. షికాగోలో కొత్తది అమర్చుకొనేవరకు కొన్ని రోజులు ఆగవలసి వచ్చింది. చివరి దశలో యంత్రం అరిగిపోయి, ఆల్బనీ నుండి న్యూయార్కు వరకు గల సుమారు 150 మైళ్ళు చాలావరకు తొక్కుకుంటూనే వచ్చాడు. జులై 6వ తేదీన న్యూయార్కు చేరాడు. ఆ సంవత్సరమే మోటారు కారులో అమెరికాను మొట్టమొదట దాటిన హొరేషియో నెల్సన్ జాక్సన్ అక్కడికి చేరినది జులై 26న. కనుక యంత్రంతో నడిచే వాహనంపై ఆ ఖండాన్ని మొదట దాటినవాడు వైమన్. అతడు తన అనుభవాలను ఒక మోటారు సైకిలు పత్రికలో ధారావాహికగా వ్రాశాడు.

సహాయం ఆచారమెట్లా అయినది

తొలినాటి మోటారు సైకిళ్ళు ఎందుకంత తరచుగా చెడిపోయేవి? వాటిలో సాధారణంగా ఒకే సిలిండరు ఉండేది. దానిలో పిస్టను పైకి క్రిందికి కదిలి, ప్రతి కొసనా ఆగి, దిశ మార్చుకుంటుంది. ఆ కదలికను ఎదురు బరువుతో పూర్తిగా సరితూచడం సాధ్యం కాదు. ఫలితంగా యంత్రమంతా అదురుతుంది. అదురు వల్ల మరలు వదులవుతాయి, లోహం అలసి పగులుతుంది. తోలు పట్టా వానలో తడిస్తే ఘర్షణ తగ్గి కప్పీ మీద జారిపోతుంది. ఇక దారి నిండా గుఱ్ఱపు నాడాలనుండి రాలిన మేకులు. టైరుకు చిల్లి పడని రోజు అరుదు.

పెట్రోలు బంకులు అప్పటికి లేవు. మందుల దుకాణాలలోను, పచారీ కొట్లలోను డబ్బాలలో దొరికే పెట్రోలే ఆధారం. బాగుచేయడం తెలిసిన పనివారు పెద్ద పట్టణాలలో తప్ప ఉండరు. ఈ స్థితిలో మోటారు సైకిలు వ్యాధిని ఎరిగిన వైద్యుడు ఎవరంటే మరియొక మోటారు సైకిలువాడే. దారిప్రక్క ఆగిన బండిని చూసి ఆగకుండా పోయినవాడు రేపు తానే ఆ స్థితిలో ఉండవచ్చునని ఎరుగును. ఈవాళ ఇచ్చిన ఒక మర, ఒక అతుకుముక్క, ఒక గ్లాసు పెట్రోలు ఎవరికిచ్చారో వారినుండి తిరిగి రాదు. ఎప్పుడో ఎక్కడో మరొకరినుండి వస్తుంది. లెక్క వ్రాయని ఈ అప్పు మీదనే తొలి దూరయాత్రలన్నీ సాగాయి.

క్రమంగా ఈ అలవాటు సంఘాల రూపం దాల్చింది. వైమన్ యాత్ర ముగిసిన రెండు నెలలకు, 1903 సెప్టెంబరులో, న్యూయార్కులో అమెరికా మోటారు సైకిలువారి సమాఖ్య ఏర్పడింది. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఆటో సైకిల్ క్లబ్బు స్థాపించారు. అదే 1907లో ఆటో సైకిల్ యూనియన్‌గా మారింది.

ప్రపంచాన్ని చుట్టినవారు

1912లో అమెరికావాడైన కార్ల్ స్టెర్న్స్ క్లాన్సీ నాలుగు సిలిండర్ల హెండర్సన్ మోటారు సైకిలుతో భూప్రదక్షిణకు బయలుదేరాడు. వెంట వచ్చిన మిత్రుడు పారిస్‌లోనే విరమించుకున్నాడు. క్లాన్సీ ఒంటరిగా ఐరోపా, ఉత్తర ఆఫ్రికా, సింహళం, చైనా, జపానుల మీదుగా సాగి 1913 ఆగస్టులో స్వదేశం చేరాడు. మోటారు సైకిలుతో ప్రపంచాన్ని చుట్టినవారిలో అతడే ప్రథముడు.

1916లో ఆగస్టా, ఎడలైన్ వాన్‌బ్యూరెన్ అనే అక్కచెల్లెళ్ళు చెరొక ఇండియన్ మోటారు సైకిలు ఎక్కి న్యూయార్కు నుండి పసిఫిక్ తీరానికి ప్రయాణం చేశారు. యుద్ధంలో సైన్యానికి వార్తలు చేరవేసే పనికి స్త్రీలు తగినవారని నిరూపించడం వారి ఉద్దేశం. దారిలో కొన్ని ఊళ్ళలో పురుషుల దుస్తులు ధరించారన్న నేరంపై పోలీసులు వారిని ఆపారు. 14,000 అడుగులకు పైబడిన పైక్స్ శిఖరాన్ని వారు మోటారు సైకిళ్ళపై ఎక్కారు. సాల్ట్ లేక్ నగరానికి పడమట ఎడారిలో దారి తప్పి, నీరు అయిపోయి, ప్రాణాపాయ స్థితిలో ఉండగా గనులు వెదికే ఒక వ్యక్తి తారసపడి నీరిచ్చాడు. అతడే రాకపోతే వారి యాత్ర అక్కడితో ముగిసేది. సెప్టెంబరు 8న వారు లాస్ ఏంజెలెస్ చేరారు. అయినా సైన్యం వారి దరఖాస్తును అంగీకరించలేదు.

ఇంతకంటె కఠినమైన యాత్ర థెరిసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అనే ఇంగ్లీషు యువతులది. 1934 డిసెంబరు 11న లండను నుండి వారు ఆఫ్రికా దక్షిణాగ్రానికి బయలుదేరారు. బండి 600 ఘన సెంటీమీటర్ల పాంథర్. దానికి ఒక ప్రక్కబండి, వెనుక మరొక చిన్న తోకబండి. దారిలో సహారా ఎడారి. దిక్సూచి కూడా లేదు.

ఇసుకలో చక్రం ఎందుకు కూరుకుపోతుందో విద్యార్థులు సులభంగా గ్రహించవచ్చు. టైరు నేలను తాకే వైశాల్యం చిన్నది. బరువంతా దానిమీదనే పడుతుంది. పీడనం అంటే బరువును వైశాల్యంతో భాగించగా వచ్చేదే కదా! ఒంటె పాదం వెడల్పు కనుక కూరుకుపోదు. టైరులో గాలి కొంత తగ్గిస్తే అది నేలపై పరచుకొని, పీడనం తగ్గుతుంది. ఐతే తోకబండితో సహా ఇంత బరువున్నప్పుడు ఆ ఉపాయం కొంతవరకే పనిచేస్తుంది. మిగిలినది పారతో త్రవ్వి, భుజంతో నెట్టవలసిందే. ఎడారిలోని ఫ్రెంచి కోటలలోని సైనికులు, ఒయాసిస్సుల జనం వారికి ఆశ్రయమిచ్చారు. ఎడారి దాటే దశలో యంత్రం పూర్తిగా చెడిపోయింది. ఇతరుల సహాయంతో అగడెజ్ చేరి, విడిభాగాలు వచ్చేవరకు వారాల తరబడి అక్కడనే ఉండి, యంత్రాన్ని విప్పి మళ్ళీ కూర్చుకున్నారు. 1935 జులై 29న కేప్‌టౌను చేరారు. వాలక్ ఇంజనీరింగు చదువుకున్నది. అయినా ఆమె విద్యకు తోడు ఆ అపరిచితుల ఆతిథ్యం లేకపోతే ఆ యంత్రం అగడెజ్ దాటేది కాదు.

1932లో లండనులో జరిగిన ఒక విందులో రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ అనే అమెరికా యువకుడు తాను మోటారు సైకిలుపై ప్రపంచం చుట్టి వస్తానని మాటవరసకు అన్నాడు. ఆ విందులోనే ఉన్న డగ్లస్ మోటారు సైకిలు కర్మాగారపు యజమాని బండి తానిస్తానన్నాడు. ఇక వెనుకకు తగ్గడానికి వీలులేకపోయింది. తుర్కీ, సిరియా, ఇరాకు, భారతదేశం, మలయా, చైనాల మీదుగా జపాను చేరి, 1933 డిసెంబరు 24న అతడు న్యూయార్కు చేరుకున్నాడు. ఫుల్టన్ తరువాత శాస్త్ర సాంకేతిక రంగంలో పేరు సంపాదించాడు. చేరరానిచోట చిక్కుకున్న మనిషిని విమానం ఆగకుండానే పైకి తీసుకోగల సాధనాన్ని 1950ల దశకంలో అతడు నిర్మించాడు. క్రింద ఉన్న మనిషి హీలియం బెలూనుతో సుమారు 500 అడుగుల నైలాను త్రాడును పైకి పంపుతాడు; విమానం ముక్కుకు అమర్చిన కొమ్ములు ఆ త్రాడును పట్టుకొని అతణ్ణి ఎత్తుకుపోతాయి. 1958లో దానితో మొదటిసారి ఒక మనిషిని పైకెత్తారు. త్రాడు సాగే గుణం కుదుపును మెత్తబరుస్తుంది. ఒంటరి బాటసారి కష్టాన్ని స్వయంగా ఎరిగినవాని చేతినుండి ఈ సాధనం రావడం గమనింపదగినది.

తలుపు తెరవని ఊళ్ళు

దారిలో అందరికీ ఆదరణ దొరికిందనుకుంటే చరిత్రకు న్యాయం చేసినట్లు కాదు. బెస్సీ స్ట్రింగ్‌ఫీల్డ్ అనే నీగ్రోజాతి అమెరికా మహిళ 1930ల దశకంలో ఒంటరిగా దేశమంతటా మోటారు సైకిలుపై తిరిగింది. చర్మం రంగును బట్టి హోటళ్ళు ఆమెకు గది ఇవ్వలేదు. ఆమె చెప్పిన ప్రకారం, తమ జాతివారి ఇల్లు కనిపిస్తే అక్కడ చోటు దొరికేది. లేనినాడు పెట్రోలు బంకు దగ్గర బండిమీదనే, పై కోటును దిండుగా పెట్టుకొని నిద్రపోయేది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆమె సైన్యానికి పత్రాలు చేరవేసే ఉద్యోగం చేసింది. వాన్‌బ్యూరెన్ సోదరీమణులకు దొరకని పని పాతికేళ్ళ తరువాత ఆమెకు దొరికింది.

ఈ వివక్షకు ఎదురుగా 1936లో న్యూయార్కుకు చెందిన విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. నల్లవారిని ఆదరించే హోటళ్ళు, బసలు, మరమ్మతు దుకాణాలు ఏ ఊళ్ళో ఎక్కడ ఉన్నాయో అందులో వరుసగా ఇచ్చాడు. పాఠకులు పంపిన వివరాలతో అది పెరిగి మూడు దశాబ్దాలపాటు వెలువడింది. 1964లో వచ్చిన పౌరహక్కుల చట్టం అటువంటి వివక్షను నిషేధించిన పిమ్మట దాని అవసరం తగ్గింది. వీరాస్వామయ్య వ్రాసిన మజిలీల వివరాలకు, గ్రీను పుస్తకానికి కాలంలోను, ఉద్దేశంలోను ఎంతో భేదమున్నా, ముందు నడిచినవాడు వెనుక వచ్చేవానికి చేయగల ఉపకారం ఒకటే అని అవి రెండూ చెబుతాయి.

చేయెత్తి పలకరించడం

ఎదురుపడిన మోటారు సైకిలువారు ఒకరినొకరు పలకరించుకోవడం అనేక దేశాలలో ఆచారం. ఈ ఆచారానికి కూడా యంత్ర నిర్మాణమే రూపమిచ్చింది. నేటి మోటారు సైకిళ్ళలో వేగాన్ని అదుపుచేసే పిడి కుడిచేతి క్రింద ఉంటుంది. దానిని వదిలితే బండి వేగం తగ్గుతుంది. కనుక ఖాళీగా ఉండేది ఎడమచేయి. అమెరికా, జర్మనీ, ఫ్రాన్సుల వంటి దేశాలలో బండ్లు కుడివైపున నడుస్తాయి. ఎదురు వచ్చేవాడు ఎడమ ప్రక్కనుండి పోతాడు. అందువల్ల అక్కడ ఎడమచేయి చాచి పలకరిస్తారు. ఫ్రాన్సులో దారి ఇచ్చినవారికి కృతజ్ఞతగా కుడికాలు ప్రక్కకు చాపుతారు. మన దేశంలోను, ఇంగ్లండులోను బండ్లు ఎడమవైపున నడుస్తాయి. ఎదుటివాడు కుడిప్రక్కన ఉంటాడు. కుడిచేయి ఖాళీ లేదు. అందువల్ల ఇక్కడ తల ఊపడమో, దీపం ఒకసారి వెలిగించడమో సులువు.

ఈ చిన్న సంజ్ఞకు అర్థం పలకరింపు మాత్రమే కాదు. నిన్ను చూశాను, ఇబ్బందిలో ఉంటే ఆగుతాను అనే మాట అందులో ఇమిడి ఉన్నది.

శాస్త్రం చేసిన సహాయం

1935 మే 13న ఇంగ్లండులో టి. ఇ. లారెన్సు, అనగా అరేబియా లారెన్సు అని పేరు పొందిన వ్యక్తి, మోటారు సైకిలుపై వస్తూ సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలకు శిరస్త్రాణం లేదు. ఆరు రోజుల తరువాత మరణించాడు. అతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆ మరణం అతణ్ణి ఆలోచింపజేసింది. సైన్యంలో మోటారు సైకిళ్ళు నడిపేవారికి తగిలిన తలగాయాలను పరిశీలించి, శిరస్త్రాణం ధరించినవారిలో మెదడుకు కలిగే హాని తక్కువని 1941లో ఒక వ్యాసంలో వెల్లడించాడు. శిరస్త్రాణం లోపలి మెత్తని పొర నలుగుతూ తల ఆగే కాలాన్ని పెంచుతుంది. కాలం పెరిగితే బలం తగ్గుతుంది. న్యూటను రెండవ సూత్రం ఇక్కడ ప్రాణరక్షణ సూత్రమైనది. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలువారికి శిరస్త్రాణం నిర్బంధం చేసింది.

మన దేశంలో

1952లో భారత సైన్యం సరిహద్దు కాపలాకోసం 350 ఘన సెంటీమీటర్ల రాయల్ ఎన్‌ఫీల్డ్ బులెట్ బండ్లు 800 కావాలని ఇంగ్లండు కంపెనీని కోరింది. 1955లో ఆ బండ్లను మద్రాసులో తయారుచేయడానికి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది. ఇంగ్లండులోని మూలసంస్థ మూతపడిన తరువాత కూడా మద్రాసు బండి బ్రతికింది. దాని యంత్ర నిర్మాణం అర్ధశతాబ్దంపాటు పెద్దగా మారలేదు. దీనివల్ల ఒక విశేషం జరిగింది. ఒకని సంచిలోని విడిభాగం మరియొకని బండికి సరిపోయేది. ఏ పల్లెలోని మెకానిక్కుకైనా దాని రహస్యాలు తెలిసేవి. తోటివానికి సహాయం చేయాలంటే మంచి మనస్సు ఒక్కటే చాలదు; భాగాలు కూడా ఒకే కొలతలో ఉండాలి.

లడాఖ్ మార్గాలలో ఈ సహాయం ఎంత అవసరమో తెలుస్తుంది. అక్కడి ఉమ్లింగ్ లా కనుమ 19,024 అడుగుల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలోని దానిలో సగం కంటె తక్కువ. పాతరకం కార్బురేటరు గాలి పలచబడినా పెట్రోలును దాదాపు మునుపటి మేరకే వదులుతుంది. మిశ్రమం చిక్కబడి యంత్రం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. కొత్త బండ్లలో ఎలక్ట్రానిక్ సాధనం గాలిని కొలిచి తగినంత పెట్రోలే చిమ్ముతుంది. యంత్రం తేరుకుంటుంది గాని మనిషి ఊపిరితిత్తులకు అటువంటి సర్దుబాటు సాధనం లేదు. తలనొప్పి, వాంతులు మొదలైనవాణ్ణి క్రిందికి దింపడానికి ప్రక్కవాడే దిక్కు.

2018 ఫిబ్రవరిలో హైదరాబాదు నుండి నలుగురు మహిళలు మోటారు సైకిళ్ళపై బయలుదేరి, బర్మా, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాముల మీదుగా సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగి వచ్చారు. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను పుస్తకంగా వ్రాశారు. వైమన్ కాలంనాటి తోలు పట్టా, పెట్రోలు డబ్బా ఇప్పుడు లేవు. ఆకాశంలోని ఉపగ్రహాలు దారి చూపుతున్నాయి. చేతిలోని ఫోను మెకానిక్కును పిలుస్తుంది. నేటి యంత్రంలోని లోపాన్ని కనిపెట్టాలంటే కంప్యూటరు కావాలి. దారిన పోయేవాడు స్పానరు తీసుకొని బాగుచేయగలిగినది తక్కువ.

అట్లయితే పరస్పర సహాయానికి ఇక అవసరం తీరిందా? తీరలేదు. యంత్రం బలపడింది గాని మనిషి శరీరం 1903లో ఉన్నంత మెత్తగానే ఉన్నది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. వీరిలో చాలామంది ఖండాలు దాటే యాత్రికులు కారు. బడికో, పొలానికో, ఆఫీసుకో పోతున్నవారు. గాయపడిన తరువాత మొదటి గంట వైద్యానికి అమూల్యమైనది. ఆ గంటలో మొదట చేరేది వైద్యుడు కాదు, వెనుక వస్తున్న బండివాడు.

అతడు ఆగకపోవడానికి చాలాకాలం ఒక కారణం ఉండేది. ఆగితే పోలీసు విచారణలు, కోర్టు వాయిదాలు తన మెడకు చుట్టుకుంటాయని భయం. 2016లో సుప్రీంకోర్టు సహాయం చేసినవారికి రక్షణ నియమాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ అనే కొత్త సెక్షను చేర్చారు. మంచి ఉద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా క్షతగాత్రునికి సహాయం చేసినవారిపై ఆ సహాయం కారణంగా సివిలు, క్రిమినలు చర్యలు ఉండవు. తన పేరు చెప్పమని కూడా అతణ్ణి నిర్బంధించరాదు. 2005లో హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సును పిలవడం చిన్నపిల్లలకూ తెలుసు.

ఉపాధ్యాయులు తరగతిలో రెండు చక్రాల నిలకడను, పీడనాన్ని, న్యూటను సూత్రాలను బోధించేటప్పుడు ఈ చరిత్రను కూడా జోడించవచ్చు. మండు వేసవిలో ముక్కూ మొగమూ ఎరుగని బాటసారికోసం చలివేంద్రం పెట్టే ఆచారం మన ఊళ్ళలో ఉన్నది. నీరు త్రాగినవాడు మళ్ళీ ఆ దారిన రాకపోవచ్చు. అయినా కుండ నింపుతూనే ఉంటారు. దారిప్రక్క పడి ఉన్న బండి కనిపించినప్పుడు వేగం తగ్గించి, ఆగి, ఏమైందని అడగడం కూడా అటువంటి పనే.